మొదటి పేజీలో మూడో లింకు నాదే

ఈ ఏడాది మా చిన్నమ్మ కొడుక్కి ఎప్‌సెట్‌లో 14 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. మొదటి విడత సీట్లు అలాట్ అయిన రోజు సాయంత్రం స్వీట్ బాక్స్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వాడు అలాట్‌మెంట్ ఆర్డర్ చూపించాడు. ఫస్ట్ ఆప్షనే వచ్చిందట. కాలేజీ పేరు చూడగానే నాకు నోట మాట రాలేదు.

"ఇది ఫస్ట్ ఎందుకు పెట్టినవ్ రా?" అన్నాను.

వాడు ఫోన్ తీసి గూగుల్ ఓపెన్ చేశాడు. "ఇగో అక్కా, దీంట్ల ర్యాంకు వారీగా ఇచ్చిండ్రు. పది వేల నుంచి ఇరవై వేల లోపు వాళ్ళకి టాప్ కాలేజీలంట. గదే ఆర్డర్ల పెట్టిన."

మొదటి పేజీ, మూడో లింకు. దాన్ని రాసింది నేనే.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఎడిటర్ గారు దిద్దుతానన్నారు, దిద్దకపోతే ఆ పాపం ఆయనదే. కానీ ఇది తెలుగులోనే రాయాలనిపించింది. ఎందుకో వ్యాసం సగంలో మీకే తెలుస్తుంది.

ఫస్ట్ ఇయర్ అయిపోయాక, 2024 ఎండాకాలం సెలవుల్లో, అమీర్‌పేట్‌లో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసులో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాను. నెలకు 6 వేలు. కోడింగ్ పని అనుకుని వెళ్ళాను, ఇచ్చింది కంటెంట్ పని. అంటే ఎస్‌ఈఓ. గూగుల్‌లో ఎవరైనా ఏదైనా వెతికితే మన పేజీ పైన కనపడేలా చేయడం. ఇంట్లో మాత్రం "కంప్యూటర్ జాబ్" అనే చెప్పుకున్నారు, నేనూ సరిచేయలేదు.

మొదటి రోజే మా టీమ్ లీడ్ ఒక షీట్ పంపాడు. ఒక కాలమ్‌లో కీవర్డ్‌లు, పక్కన దాన్ని నెలకు ఎంతమంది వెతుకుతున్నారో అంచనా, ఇంకో కాలమ్‌లో డిఫికల్టీ. "బెస్ట్ ఇంజినీరింగ్ కాలేజెస్ ఇన్ హైదరాబాద్" అన్న వరుస మొత్తం ఎర్రగా ఉంది. దాని మీద ఇప్పటికే పెద్ద పెద్ద అడ్మిషన్ పోర్టళ్ళు కూర్చున్నాయి. ఏళ్ళ తరబడి లింకులు సంపాదించుకున్న సైట్లు అవి. వాటి మీదికి నేరుగా వెళ్తే గోడకు తల కొట్టుకోవడమే. "మనం పక్క గల్లీ నుంచి పోదాం" అన్నాడు టీమ్ లీడ్. పక్క గల్లీ అంటే చిన్న ప్రశ్న. "ఎంసెట్‌లో 10 వేల నుంచి 20 వేల ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది?" వెతికేవాళ్ళు తక్కువే, కానీ వెతికిన ప్రతివాడూ వారంలో డబ్బు కట్టబోయేవాడు.

మా రాష్ట్రంలో ఎంసెట్ పేరు ఆ ఏడే ఎప్‌సెట్‌గా మారింది. జనం మాత్రం ఎంసెట్ అనే టైపు చేస్తారు. అందుకని టైటిల్‌లో ఒక పేరు, కింద హెడ్డింగ్‌లో ఇంకో పేరు పెట్టాం. ఇలాంటి చిన్న చిన్న తెలివితేటలు నాకు నిజంగా నచ్చాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. పైన ఉన్న పది పేజీలూ చదవాలి, వాటిలో ఏ ప్రశ్నకు జవాబు లేదో చూడాలి, ఆ జవాబు మన పేజీ మొదట్లోనే పెట్టాలి. టైటిల్ చూస్తే లోపల ఏముందో తెలియాలి. ఫోన్‌లో రెండు మూడు సెకన్లలో తెరుచుకోవాలి. దీంట్లో తప్పేం లేదు, చదివేవాడి మీద గౌరవం అంతే. రికార్డ్ రాసేటప్పుడు మనం ఇందులో సగం పాటించినా ల్యాబ్ సార్లు సంతోషిస్తారు.

తప్పు ఇంకో కాలమ్‌లో ఉంది. షీట్‌లో చివరి కాలమ్ పేరు "ఆర్డర్". అంటే లిస్టులో ఏ కాలేజీ ఎన్నో నంబర్. అది నేను నింపేది కాదు, పైనుంచి నింపి వచ్చేది. మొదటి మూడు పేర్లూ ఆ ఆఫీసుకు డబ్బు కట్టే కాలేజీలవి. ఆ మూడింటి గురించి నేను తలా 200 పదాలు రాశాను. "పచ్చని ప్రశాంతమైన క్యాంపస్", "అనుభవజ్ఞులైన అధ్యాపకులు", "అద్భుతమైన ప్లేస్‌మెంట్లు". నేను వాటిలో ఒక్క దాని గేటు కూడా చూడలేదు. బ్రోచర్లో ఏముందో అదే ఇంకో మాటల్లో. పేజీ మధ్యలో ఒక ఫారం ఉంటుంది, "ఉచిత గైడెన్స్ కోసం మీ నంబర్ ఇవ్వండి". ఆ నంబర్లు ఎక్కడికి వెళ్తాయో మీకు తెలుసు, మీ ఇంట్లోనూ ఆ నెలంతా ఫోన్ మోగే ఉంటుంది. కన్వీనర్ కోటా 70 శాతం పోగా మిగిలిన 30 శాతం మేనేజ్‌మెంట్ సీట్లు అమ్ముడుపోవాలి కదా.

ఆ తర్వాత లింకుల పని. సెర్చ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే ఇది అర్థమవుతుంది, కాబట్టి ఒక పేరా ఓపిక పట్టండి. సీఎస్ఈ వాళ్ళు దాటేయొచ్చు, అయినా మీలో సగం మందికి తెలియదని నాకు తెలుసు.

లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో రీసెర్చ్ చేస్తూ 1998లో ఒక పేపర్ రాశారు. గూగుల్‌కి మూలం అదే. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది ఓటు లాంటిది. కానీ అన్ని ఓట్లూ సమానం కావు, ఎక్కువ ఓట్లు పడ్డవాడు వేసే ఓటుకు బరువెక్కువ. మరి వాడి బరువు ఎంత? వాడికి ఓటేసినవాళ్ళ బరువును బట్టి. ఇలా గుండ్రంగా తిరిగే లెక్కను మ్యాట్రిక్స్‌గా పెట్టి, స్థిరపడేదాకా మళ్ళీ మళ్ళీ గుణిస్తూ పోతే ప్రతి పేజీకీ ఒక నంబర్ వస్తుంది. మనం మొదటి సెమిస్టర్‌లో తిట్టుకుంటూ చేసిన ఐగెన్‌వెక్టరే అది. నెట్‌లో ఊరికే లింకులు నొక్కుతూ తిరిగే ఒక మనిషిని ఊహించి, వాడు 0.85 సంభావ్యతతో లింకు నొక్కుతాడు, లేకపోతే విసుగొచ్చి ఇంకెక్కడికో దూకుతాడు అని అనుకున్నారు. ఇప్పుడు గూగుల్ ఇంకా వందల సంకేతాలు చూస్తుంది, కానీ లింకు బరువు పూర్తిగా పోలేదు.

విచిత్రం ఏంటంటే, ఆ పేపర్ చివర అనుబంధంలో వాళ్ళిద్దరూ ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజిన్ సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని, వెతికేవాళ్ళ అవసరానికి దూరమవుతుందని రాశారు. తర్వాత వాళ్ళు ఏ వ్యాపారంతో బతికారో చెప్పక్కర్లేదు.

లింకు ఓటయితే ఓట్లు కొనేవాళ్ళు ఉంటారు కదా. మన దగ్గర అది ఎవరికీ వివరించాల్సిన అవసరం లేదు. దీనికి అందరికీ తెలిసిన కేసు అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద బట్టల, ఇంటి సామాన్ల దుకాణానిది. 2010 చివర్లో, వాళ్ళకు పండగ సీజన్ అప్పుడు, "డ్రెస్సెస్", "బెడ్డింగ్", "ఏరియా రగ్స్" ఏది వెతికినా మొదట వాళ్ళ సైటే. శామ్సొనైట్ కంపెనీ సూట్‌కేస్ పేరు పెట్టి వెతికినా ఆ కంపెనీ సొంత సైటు కంటే పైన వీళ్ళదే. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు ఒక నిపుణుడితో తవ్వించి చూస్తే, సంబంధం లేని వందల సైట్ల నుంచి ఆ పదాలతో వేల లింకులు కనపడ్డాయి. 2011 ఫిబ్రవరిలో ఆ కథనం వచ్చింది. గూగుల్ చేత్తో శిక్ష వేసింది. సూట్‌కేస్ మాటకు 1లో ఉన్న దుకాణం కొన్ని గంటల్లో 71కి పడిపోయింది. మాకేం తెలియదు అంది జేసీ పెన్నీ, తన ఎస్‌ఈఓ సంస్థను తీసేసింది.

ఈ కథ మా టీమ్ లీడే చెప్పాడు, లంచ్‌లో, నవ్వుతూ. నీతి ఏంటంటే "అంత పెద్దగా చేయొద్దు" అని. నాకు మాత్రం తర్వాత ఇంకోటి తట్టింది. ఆ పండగ సీజన్‌లో వాళ్ళ సైట్లో దుప్పటి కొన్నవాడికి నిజంగానే దుప్పటి వచ్చింది. బాగోకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. మేం అమ్మేది నాలుగేళ్ళు. దానికి రిటర్న్ పాలసీ లేదు.

కొన్నేళ్ళుగా గూగుల్ ఊరికే కూర్చోలేదు. 2011లోనే పనికిరాని పేజీలను కుప్పలుగా తయారుచేసే సైట్లను కిందికి తోసింది, 2012లో కొనుక్కున్న లింకుల మీద పడింది, 2022లో మనుషుల కోసం కాకుండా సెర్చ్ కోసమే రాసిన పేజీల మీద, 2024 మార్చిలో యంత్రంతో టోకుగా పుట్టించిన పేజీల మీద. డబ్బుకీ ఆరోగ్యానికీ జీవితానికీ సంబంధించిన విషయాల్లో ఎక్కువ కఠినంగా ఉండమని తన రేటర్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో రాసుకుంది. 2022 డిసెంబర్‌లో వాటికి "అనుభవం" అని ఒక కొత్త మాట చేర్చింది. అంటే రాసినవాడు ఆ వస్తువు వాడాడా, ఆ చోటికి వెళ్ళాడా. మా పేజీ వీటన్నిటినీ దాటుకుని వచ్చింది. ఎందుకంటే అది చూడ్డానికి అబద్ధంలా లేదు. ఫీజులు కరెక్టే. కాలేజీ కోడ్‌లు కరెక్టే. ఒక్క వరుస మాత్రమే తప్పు. అల్గారిదమ్‌కి వరుస తప్పని ఎలా తెలుస్తుంది? ఆ ల్యాబ్‌లో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

మరి నిజం ఎక్కడుంది? ఉంది, అందరికీ అందుబాటులోనే ఉంది. గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచ్ ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో కౌన్సెలింగ్ అధికారిక సైట్లో పెడతారు. ఫీజులు రాష్ట్ర ఫీజుల నియంత్రణ కమిటీ నిర్ణయించినవే, అవీ దొరుకుతాయి. ప్రతి కాలేజీ తన సైట్లో తప్పనిసరిగా పెట్టాల్సిన వివరాలు ఏఐసీటీఈ నిబంధనల్లో ఉన్నాయి. కానీ అవన్నీ పీడీఎఫ్‌లు, కోడ్‌లు, నిలువు అడ్డం గీతలు. అందులో "14 వేలకు ఏది వస్తుంది" అనే మాట ఎక్కడా ఉండదు. జనం అడిగే మాటల్లో నిజాన్ని రాసిపెట్టిన నాథుడు లేడు. జనం అడిగే మాటల్లో రాసింది మేమే.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే కూర్చుని ఆ పీడీఎఫ్ తెరిచాను. వాడు నాలుగో ఆప్షన్‌గా పెట్టిన కాలేజీలో అదే బ్రాంచ్ గత ఏడాది వాడి కేటగిరీలో 16 వేల దాకా వెళ్ళింది. మా సీనియర్లు ఇద్దరు ముగ్గురు అక్కడ చదివారు, మంచి కాలేజీ అని నాకు స్వయంగా తెలుసు. కౌన్సెలింగ్ సాఫ్ట్‌వేర్ తప్పేమీ చేయలేదు. నువ్వు పెట్టిన వరుసలో పైనుంచి చూస్తూ, నీ ర్యాంకుకు ఏది ముందు దొరికితే అది ఇచ్చేస్తుంది. వాడి వరుస నా వరుస. నా వరుస డబ్బు కట్టినవాడిది.

చెప్పేశాను. దాచడానికి మనసొప్పలేదు. వాడు కాసేపు ఫోన్ వైపు, కాసేపు నా వైపు చూశాడు. చిన్నమ్మ వంటింట్లోంచి విని బయటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. "నువ్వే రాసినవా? అట్లయితే మంచి కాలేజే అన్నట్టు కదా బిడ్డా" అంది.

ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. తర్వాతి విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టించాను, కానీ అప్పటికి ఆ బ్రాంచ్ నిండిపోయింది. వాడు వచ్చిన దాంట్లోనే చేరాడు.

ఇప్పుడు తెలుగు సంగతి. చిన్నమ్మ పదో తరగతి దాకా చదివింది. ఫోన్‌లో ఏం కావాలన్నా మైక్ నొక్కి మాట్లాడుతుంది. వాడి ర్యాంకు వచ్చిన రోజు ఆమె కూడా వెతికిందట, "మంచి ఇంజినీరింగ్ కాలేజీ ఏది, ఫీజు తక్కువది" అని తెలుగులో. వచ్చినవేంటో చూపించమన్నాను. రెండు పాత వార్తలు, కొన్ని వీడియోలు, ఇంగ్లిష్ నుంచి యంత్రంతో మార్చిన ఒక పేజీ. ఆ పేజీలో కట్-ఆఫ్‌ని "కత్తిరించిన ర్యాంకు" అని రాశారు. మా ఆఫీసులో తెలుగు కీవర్డ్‌ల షీట్ అసలు లేనే లేదు, ఎందుకంటే ఆ వరుసల్లో పోటీ లేదు, పోటీ లేకపోతే క్లయింటుకి ఆసక్తి లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. వాళ్ళడిగే ప్రశ్నల ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

తెలుగులో వెతకడం కష్టం అని మా లీడ్ అనేవాడు. కొంత నిజమే. కాలేజీ, కాలేజీలు, కాలేజీల్లో, కాలేజీకి, కళాశాల, కళాశాలలందు. మన భాషలో మాట చివర తోక పెరుగుతూనే ఉంటుంది. దానికి తోడు సగం మంది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు, ఒక్కొక్కరిదీ ఒక్కో స్పెల్లింగ్. కానీ 2019 డిసెంబర్‌లో గూగుల్ తన బెర్ట్ మోడల్‌ని సెర్చ్ కోసం డెబ్భైకి పైగా భాషల్లోకి తెచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగూ ఉంది. మాటకు మాట సరిపోలనక్కర్లేదు, భావం కొంత అందుకుంటుంది. వంటకాల్లో, పంచాంగంలో, సినిమా వార్తల్లో తెలుగు పేజీలు బాగానే దొరుకుతున్నాయి కదా. కాబట్టి కష్టం అనేది సాకు. రాసినవాళ్ళు లేరు, అదీ సంగతి.

ఇక్కడ మన క్లబ్బు మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది, ఎడిటర్ గారు కత్తిరించకపోతే. మన ఈ-మ్యాగజైన్ పాత సంచికలు చూశాను. కొన్ని పేజీలు ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసినవి. కొన్ని అను ఫాంట్స్‌లో కంపోజ్ చేసినవి. కంటికి తెలుగే, కానీ లోపల యూనికోడ్ కాదు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేసి చూడండి, పిచ్చి గుర్తులు వస్తాయి. గూగుల్‌కి కనపడేదీ దాదాపు ఆ పిచ్చి గుర్తులే. పోయిన సంచికలో హాస్టల్ మెస్ మీద ఒక సీనియర్ రాసిన వ్యాసం ఉంది. నవ్వు ఆగలేదు, ప్రతి అక్షరం నిజం. మన కాలేజీలో చేరాలా వద్దా అని వెతికే పిల్లకు ఆ వ్యాసం దొరికితే ఎంత బాగుండేది! ఆమెకు దొరికేది నాలాంటి వాళ్ళు రాసిన "పరిశుభ్రమైన రుచికరమైన భోజనం".

నేను అనేది ఇది. పెద్ద కీవర్డ్ మనం గెలవలేం. "బెస్ట్ కాలేజీ" అన్న మాట అమ్ముడుపోయింది, దాని కోసం ఏడవక్కర్లేదు. కానీ మా లీడ్ చెప్పిన ఆ పక్క గల్లీ తెరిచే ఉంది, అందులో మనకున్న సరుకు ఏ ఏజెన్సీ దగ్గరా లేదు. ఎల్బీ నగర్ నుంచి కాలేజీ బస్సు ఎన్నింటికి బయల్దేరుతుంది? ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌కి ఎంతమంది? ప్లేస్‌మెంట్ శాతం చెప్పేటప్పుడు అర్హులైన వాళ్ళనే లెక్క పెట్టారా, మొత్తం బ్యాచ్‌నా? ఫీజు కాకుండా ఇంకేం కట్టించుకుంటారు? హాస్టల్లో నీళ్ళు ఏ నెలలో ఆగుతాయి? వీటికి జవాబు రాయడానికి కీవర్డ్ టూల్ అక్కర్లేదు. రెండేళ్ళు ఆ కాలేజీలో ఉంటే చాలు. కాలేజీకొకరు, తెలుగులో, జనం అడిగే మాటల్లో, యూనికోడ్‌లో, సొంత అనుభవం రాస్తే ఆ ప్రశ్నలకు మొదటి పేజీ మనదే అవుతుంది. డబ్బు కట్టకుండా. మన కాలేజీ మీద నిజం రాస్తే మేనేజ్‌మెంట్ ఊరుకుంటుందా అని మీరు అడగొచ్చు. తిట్టమని నేను అనట్లేదు. బస్సు టైమింగ్ రాయడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

కొందరు ఫ్రెండ్స్ అన్నారు, ఇప్పుడు గూగుల్ పైన ఏఐ జవాబే ఇస్తోంది కదా, లింకులు ఎవరు నొక్కుతారు అని. 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ ఆ సారాంశాలు వస్తున్నాయి. కానీ ఆ సారాంశం గాల్లోంచి పుట్టదు, ఇలాంటి పేజీలనే చదివి చెప్తుంది. నేను నా పాత కీవర్డ్ ఇంగ్లిష్‌లో కొట్టి చూశాను. "ప్రశాంతమైన క్యాంపస్" అక్కడికీ చేరిపోయింది, ఈసారి రాసిన మనిషి కూడా లేకుండా.

ఆ ఆఫీసుకు మెయిల్ పెట్టాను, పేజీలో మొదటి మూడూ ప్రకటనలని రాయండి, లేదా తీసేయండి అని. "నోటెడ్" అని జవాబొచ్చింది. పేజీ ఉంది. నేను రాసినప్పుడు టైటిల్‌లో 2024 అని ఉండేది, ఇప్పుడు 2025 అని మార్చారు. మారింది అదొక్కటే.

మా తమ్ముడు మాత్రం దసరా సెలవుల్లో ఒక పని చేశాడు. నేను అడగలేదు. తన కాలేజీ గురించి తన భాషలోనే, "గీ కాలేజీల సీటొచ్చింది, చేరాల్నా?" అని టైటిల్ పెట్టి, ఫ్రీగా దొరికే ఒక సైట్లో రాశాడు. ఫిజిక్స్ మేడం చాలా మంచిగ చెప్తదని ఉంది. వెనక బిల్డింగ్ ఇంకా కడుతున్నరని, పచ్చని క్యాంపస్ అంటే గేటు దగ్గర రెండు చెట్లని ఉంది. వాక్యాలు సరిగ్గా లేవు, నేను ముట్టుకోలేదు. నిన్న రాత్రి ఆ కాలేజీ పేరు కొట్టి, పక్కన "ఎట్లుంటది" అని పెట్టి వెతికాను. వాడిది రెండో పేజీలో నాలుగోది.